రెండున్నర నిమిషాలు, 3,600 బొమ్మలు

బెజవాడలో ఒకప్పుడు ట్రైలరంటే చేత్తో పట్టుకునే వస్తువు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు (ఫ్రేములు). తెర మీద సెకనుకు 24 బొమ్మలు పరుగెత్తుతాయి. లెక్క వేస్తే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర నిమిషాల ట్రైలరంటే 225 అడుగుల ఫిల్ము, 3,600 బొమ్మలు. రేకు డబ్బాలో చుట్టగా పడుకుని గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి సైకిల్ క్యారియర్ మీద హాలుకు బయల్దేరేది. అసలు సినిమా అయితే రెండున్నర గంటలకు 13,500 అడుగులు, వెయ్యి అడుగుల రీళ్లు పద్నాలుగు. వాటికి బాక్సులు, వెంట రిప్రజెంటేటివ్, పార్శిల్ ఆఫీసు దగ్గర హడావుడి, అన్నీ ఉండేవి. ట్రైలర్‌కు ఆ మర్యాదలేవీ లేవు. పెళ్లివారి వెంట వచ్చిన పిల్లాడిలా ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుకునేది.

1921లోనే మారుతీ టాకీస్ వెలిసిన ఊరు కదా, సినిమా వ్యాపారం లెక్కలు ఇక్కడ కిళ్లీకొట్టు దగ్గర కూడా తెలిసేవి. కృష్ణా ఏరియా వేరు, గుంటూరు ఏరియా వేరు. బ్యారేజీ దాటితే మరో డిస్ట్రిబ్యూటరు, మరో డబ్బా. అలంకార్‌లో ఈలల మధ్య పడిన ట్రైలర్ గంట ప్రయాణం దూరంలో ఉన్న గుంటూరులో ఇంకా పడకపోవచ్చు. ఇంగ్లీషు సినిమాలకైతే నవరంగ్, లీలామహల్. వాటి ప్రింట్లు ఆ రోజుల్లో దేశం మొత్తానికి కొద్దిపాటివే కాబట్టి పెద్ద నగరాలు తిరిగి తిరిగి ఇక్కడికి చేరేవి. "త్వరలో" అన్న స్లైడు చూసి పిల్లలు పరీక్షలు రాసి, సెలవులు గడిపి, మళ్లీ బడికి వెళ్లినా ఆ "త్వరలో" అలాగే ఉండేది.

హాల్లో వరస అందరికీ కంఠతా వచ్చు. గాజు స్లైడ్లు (బట్టల కొట్టు, నగల కొట్టు, "పొగత్రాగరాదు"), పళ్లపొడి ప్రకటన, ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్ రీలు, ఆ తర్వాత ట్రైలర్. లేదంటే ఇంటర్వెల్ అయ్యాక, జనం ఇంకా సోడాలు పట్టుకుని వరసల్లోకి దూరుతుండగా. ఒక్కసారే పడేది. మళ్లీ చూడాలంటే మళ్లీ టికెట్టే. అందుకే ఆనాటి అభిమాని కన్ను వేరు. హీరో ఎంట్రీ, పాట స్టెప్పు, చివర పేర్లు, ఈ మూడింటినీ ఒక్క చూపులో పట్టుకుని బయటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. అందులో సగం కల్పితమే అనుకోండి.

ట్రైలర్‌కూ సెన్సారు సర్టిఫికెట్ ఉంటుంది. తెర మీద ముందు పడే ఆ కాగితానికే మొదటి ఈల. దాన్ని చదవడం తెలిసినవాళ్లు ఊళ్లో కొందరుండేవారు. అందులో నిడివి మీటర్లలో రాసి ఉండేది. 90 అడుగులంటే 27.43 మీటర్లు. కాబట్టి మీటర్ల అంకెను 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 68 మీటర్లని ఉంటే రెండున్నర నిమిషాల ట్రైలర్. అసలు సినిమా కాగితం మీద 4,115 అని కనబడితే కచ్చితంగా రెండున్నర గంటలు. ఆఖరి బస్సు దొరుకుతుందో లేదో సినిమా మొదలవకముందే తేలిపోయేది.

పైన ఆపరేటర్ క్యాబిన్‌లో ఆ 225 అడుగుల్ని రీలుకు అతికించడం ఒక పనితనం. ముందు బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉండే గీత మీద కోయాలి. ఒక చివర రెండు మిల్లీమీటర్ల మేర రసాయనపు పూతను బ్లేడుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, కింది ప్లాస్టిక్ స్వచ్ఛంగా కనబడేదాకా చూడాలి. దాని మీద ఫిల్ము సిమెంటు ఒక్క పూత పూసి, రెండో చివర దాని మీదికి తెచ్చి, చిల్లుల్లోకి పళ్లు దిగేలా స్ప్లైసర్‌లో బిగించి ఒక పదిహేను సెకన్లు నొక్కిపట్టాలి. గీకుడు తక్కువైతే అంటు ఊడి ప్రొజెక్టర్ గేటులో (వెలుగు పడే చోట) తెగుతుంది. సిమెంటు ఎక్కువైతే ఫిల్ము మెత్తబడి ముడుచుకుని, గేటు దాటేటప్పుడు టక్కుమని ఎగిరిపడుతుంది. ఒక్కో బొమ్మకు ఇరువైపులా నాలుగేసి చిల్లులుంటాయి. అతుకులో ఒక్క చిల్లు అటూ ఇటూ అయితే హీరో తల తెర అడుగునా, కాళ్లు పైనా వస్తాయి. కింద నేల టికెట్టు వాళ్లు "ఫ్రేమ్ ఫ్రేమ్" అని అరిచేది అప్పుడే. ఆపరేటర్ పరుగున వచ్చి ఫ్రేమింగ్ పిడి తిప్పితే సరయ్యేది, మళ్లీ అసలు సినిమా అతుకు దాకా. తర్వాత పాలియెస్టర్ ఫిల్ము వచ్చాక సిమెంటు అంటనే అంటలేదు. చిల్లులున్న టేపుతో అతికించాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ సిమెంటు పూసి, పట్టిందనుకుని షో వేసినవాళ్ల పాట్లు దేవుడికెరుక.

ఆ రోజుల్లో ట్రైలర్లలో మొదటి మాట మింగుడుపడినట్టు వినబడేది. చాలామంది అది సౌండు బాక్సుల లోపమనుకునేవారు. కాదు. ప్రొజెక్టర్లో ఫిల్ము ముందు వెలుగు పడే గేటు దాటి, తర్వాత కిందనున్న సౌండు హెడ్డు దగ్గరికి వస్తుంది. అందుకని ఒక బొమ్మకు చెందిన శబ్దాన్ని ఆ బొమ్మ పక్కన కాకుండా దాదాపు 20 బొమ్మల ముందే ముద్రిస్తారు. ట్రైలర్ ముందున్న నల్ల లీడర్ (బొమ్మలు లేని ఫిల్ము) వృథా ముక్క అనుకుని మొదటి బొమ్మ దాకా కత్తిరించి పారేస్తే, దాని మీదున్న తొలి ముక్కాలు సెకను శబ్దం కూడా చెత్తబుట్టలోకి పోతుంది. "రేయ్" అన్న కేక "ఏయ్" అయ్యేది అందుకే. లీడరులో కనీసం అడుగున్నర వదిలి కోసే ఆపరేటర్ ఉన్న హాల్లో ట్రైలర్ చూడటం వేరే సుఖం.

లెన్సుల గోల ఇంకోటి. స్కోప్ (వెడల్పు తెర) సినిమాను ఫిల్ము మీద అడ్డంగా సగానికి నొక్కి ముద్రిస్తారు. తెర మీద దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన లెన్సు కావాలి. అసలు సినిమా మామూలు సైజుదై, ట్రైలర్ స్కోప్‌ది వస్తే మధ్యలో లెన్సు మార్చాలి. మార్చకపోతే మనుషులందరూ జొన్నకర్రల్లా సన్నగా పొడుగ్గా తేలతారు. తిరగేసి జరిగితే అందరికీ గవదబిళ్లలు లేచినట్టే. విలన్‌కు ఆ రూపం నప్పేదేమో గానీ హీరోయిన్‌కు జరిగితే మాత్రం అభిమానులు ఊరుకునేవారు కాదు.

ఫిల్ము మీద పడే గీతల విషయం బొమ్మల సినిమాలు (యానిమేషన్) చూసేటప్పుడు బాగా తెలిసేది. రంగుల ప్రింటులో పైపొర మెజెంటా, దాని కింద సయాన్, అన్నిటికన్నా అడుగున పసుపు. పైపైన గీత పడితే మెజెంటా ఒక్కటే పోయి తెర మీద ఆకుపచ్చ గీత. లోతుగా దిగితే పసుప్పచ్చ, పూర్తిగా చెక్కుకుపోతే తెలుపు. వెనకవైపు ప్లాస్టిక్ మీద గీత పడితే మాత్రం నల్లగా కనబడుతుంది. మామూలు సినిమాలో జుట్టూ చెట్లూ మడతలూ ఈ గీతల్ని కొంత దాస్తాయి. బొమ్మల సినిమాలో ఆకాశమంటే ఒకే నీలం, గోడంటే ఒకే రంగు. దాచే చోటే లేదు. పది ఊళ్లు తిరిగి వచ్చిన కార్టూన్ ప్రింటు చూస్తే అడవిలో ఎండాకాలం కూడా వానే.

ప్రతి అతుకు దగ్గరా ఒకటి రెండు బొమ్మలు పోతాయి. తెగిన చోట ఇంకా ఎక్కువ. ఆ ముక్కలు హాలు వెనక గోడ దగ్గరా, పిల్లల జేబుల్లోనూ తేలేవి. వాటితో చేసే ఇంటి సినిమా ఈ ప్రాంతపు పిల్లలందరికీ తెలిసిన విద్యే అయినా, కొలతలు సరిగ్గా చెప్పినవాళ్లు తక్కువ. మాడిపోయిన 60 వాట్ల బల్బు కింది నల్ల లక్కను మేకుతో నెమ్మదిగా పొడిచి తీసి, లోపలి గాజు కాడను విరిచి, నిండా నీళ్లు పోయాలి, బుడగ ఒక్కటీ లేకుండా. గది చీకటి చేసి, తలుపు సందులోంచి అద్దంతో ఎండను లోపలికి కొట్టాలి. బెజవాడలో ఎండకేం కరువు? వెలుతురు ముందు ఫిల్ము మీద పడాలి, తర్వాత బల్బు గుండా గోడకు పోవాలి. వరస తప్పి బల్బును ఎండకూ ఫిల్ముకూ మధ్య పెడితే అది భూతద్దమై ఫిల్ముకు చిల్లు పెడుతుంది. బల్బు గాజుకూ ఫిల్ముకూ మధ్య దూరం అంగుళం పావుకూ అంగుళంన్నరకూ మధ్య ఉండాలి. అప్పుడు మూడడుగుల దూరంలో కట్టిన పంచె మీద అడుగు వెడల్పు బొమ్మ పడుతుంది. ఫిల్మును తలకిందులుగా పెట్టాలి, లేకపోతే హీరో శీర్షాసనం వేస్తాడు. దొరికింది స్కోప్ ముక్కయితే ఇక్కడా జొన్నకర్ర మనుషులే. పంచె కట్టిన పలకను ఒక పక్కకు ఏటవాలుగా తిప్పితే కొంత వెడల్పవుతారు గానీ ఒక అంచు మసకబారుతుంది.

ఆ ముక్కల్లో ఎప్పుడైనా బొమ్మల సినిమాది దొరికితే ఒక వింత కనబడేది. మామూలు సినిమా ముక్కలో వరస బొమ్మల్లో చెయ్యి కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటుంది. బొమ్మల సినిమాలో రెండేసి బొమ్మలు ఒకేలా ఉంటాయి, తర్వాతి రెండూ మళ్లీ ఒకేలా. అది ముద్రణ తప్పు కాదు. సెకనుకు 24 బొమ్మలూ విడివిడిగా గీస్తే చేతులు పడిపోతాయి కాబట్టి ఒక్కో బొమ్మను రెండుసార్లు వాడి 12తో సరిపెట్టడం యానిమేషన్‌లో పాత పద్ధతి. పరుగు, దెబ్బ, కెమెరా కదలిక ఉన్న చోట మాత్రం 24 గీస్తారు. జపాన్ వాళ్లు మూడేసి సార్లు వాడి ఎనిమిదితోనూ నడిపిస్తారు. తొంభైల్లో దూరదర్శన్‌లో ఆదివారాలు వచ్చిన మోగ్లీ సీరియల్ జపాన్‌లో తయారైందే. హిందీలో వచ్చినా ఇక్కడి పిల్లలు మాట అర్థంకాకుండానే పాట మొత్తం పాడేవారు. 1992లో దర్శకుడు యూగో సాకో పూనికతో జపాన్, భారత్ కలిసి చేసిన రామాయణం బొమ్మల సినిమా కూడా ఆ చేతిగీత కాలానిదే. అది 2025 జనవరి 24న 4కేలో తెలుగు మాటలతో సహా హాళ్లకు వచ్చింది. ఆ ట్రైలర్ చూస్తే గీత వణుకు, రంగు అంచు అన్నీ ఉన్నవున్నట్టు ఉన్నాయి. నున్నగా తుడిచేయనందుకు ఎవరో పుణ్యాత్ముడికి దండం పెట్టాలి.

తెలుగు డబ్బింగ్ ట్రైలర్ల మీద హాల్లో పడే నవ్వుల్లో సగం పెదాల వల్లే. ప, బ, మ పలకాలంటే పెదాలు మూయాలి. ఇంగ్లీషు బొమ్మ "హెల్ప్ మీ" అంటే ప్ దగ్గర, మ్ దగ్గర నోరు మూసుకుంటుంది. అక్కడ "రక్షించు" అని రాస్తే పెదాలు రెండుసార్లు ఊరికే మూసుకుంటాయి. "కాపాడమ్మా" అంటే అతికినట్టుంటుంది. తెలుగు అజంత భాష (మాటలు అచ్చుతో ముగిసేది) కాబట్టి ఇంకో చిక్కు. "స్టాప్" అని నోరు మూసేసిన బొమ్మకు "ఆపు" అని చెప్పాలి, చివరి ఉకారం తెరుచుకున్న నోరు కోరుతుంది. నేర్పున్నవాళ్లు ఆ ఉకారాన్ని సగంలో మింగేస్తారు. మన వాక్యం నాలుగక్షరాలు పొడుగొస్తే బొమ్మ తల తిప్పే చోటో, వీపు చూపే చోటో ఆ నాలుగూ దాచేస్తారు. ట్రైలర్‌లో ఈ వెసులుబాటు తక్కువ. షాటు సెకనున్నరే ఉంటుంది, తల తిప్పే సందే ఉండదు. పైగా చాలాసార్లు ట్రైలర్ మాటలు సినిమా డబ్బింగ్ పూర్తవకముందే వేరే గొంతులతో చెప్పించి వదులుతారు. ట్రైలర్ గొంతు చూసి సినిమా డబ్బింగ్‌ను తిట్టడం అందుకే తొందరపాటు.

నిజం సింహంలా గీసిన సింహాలకు ఈ ఇబ్బంది తక్కువ, వాటి మూతి పెద్దగా కదలదు. 2019లో ద లయన్ కింగ్‌కు సింబాగా నాని, పుంబాగా బ్రహ్మానందం, టిమోన్‌గా అలీ గొంతిచ్చారు. 2024లో ముఫాసాకు మహేష్ బాబు చెప్పారు. ఆ ట్రైలర్లు హాల్లో పడినప్పుడు ఈలలు సింహానికి కాదు, గొంతుకు. అది తప్పనడం లేదు. కానీ గొంతు గుర్తుపట్టే సంబరంలో బొమ్మను చూడటం మానేస్తాం. ఒకసారి సౌండు తీసేసి చూడండి. మంచి యానిమేటర్ చేసిన పాత్రకు కోపమో భయమో మాట లేకుండానే నడుములో, మెడలో కనబడుతుంది. సౌండు తీయగానే చచ్చిపోయే ట్రైలర్ ఉన్న బొమ్మల సినిమాకు పిల్లలతో సహా నాలుగు టికెట్లు కొనేముందు ఆలోచించడం మంచిది.

2010 దాటాక డబ్బాలు పోయాయి. మొదట శాటిలైట్‌తో, హార్డ్‌డిస్కులతో డిజిటల్ ప్రింట్లు వచ్చాయి. పద్నాలుగు రీళ్లు అరచేతిలో ఇమిడాయి. డీసీపీ (హాళ్లకు పంపే డిజిటల్ ప్రింటు) పద్ధతిలో బొమ్మకు సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు, అంటే రెండున్నర నిమిషాల ట్రైలర్ ఎంత లావైనా శబ్దం కాకుండా 4.7 జీబీ దాటదు. సినిమాకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా సర్వర్‌కు మాత్రమే పనిచేసే తాళం ఉంటుంది. ట్రైలర్‌కు సాధారణంగా తాళం వేయరు, నలుగురూ చూడాలనే కదా. ఫైలు పేరులో టీఎల్ఆర్ అంటే ట్రైలర్, ఆ తర్వాత ఎస్ ఉంటే స్కోప్, ఎఫ్ ఉంటే ఫ్లాట్ (మామూలు సైజు), టీఈ అంటే తెలుగు. పిక్సెళ్ల లెక్కన స్కోప్ 2048×858, ఫ్లాట్ 1998×1080. పేరు చూడకుండా ప్లేలిస్టులో పడేస్తే ఇప్పుడూ తప్పు జరుగుతుంది. జొన్నకర్రలు రావు గానీ, చుట్టూ నల్లపట్టీలతో తెర మధ్యలో చిన్న కిటికీలా పడుతుంది. 2017 మార్చి 16న బాహుబలి రెండో భాగం ట్రైలర్‌ను తెలుగు రాష్ట్రాల్లో పొద్దున్నే హాళ్లలో వేసినప్పుడు రెండు నిమిషాల కోసం జాతరలా జనం వచ్చారు. ట్రైలర్ కోసం హాలుకు వెళ్లే అలవాటు అలా ఒకసారి తిరిగొచ్చింది.

ఇప్పుడు ట్రైలర్‌కు ముహూర్తం పెడతారు, గడియారంలో చాలాసార్లు గుండ్రటి అంకె కాకుండా ఏడో తొమ్మిదో నిమిషాలు కలిపి. విడుదలైన పది నిమిషాల్లో వచ్చే తిట్లు ఒకేలా ఉంటాయి: "గ్రాఫిక్స్ మసగ్గా ఉన్నాయి." అప్పటికప్పుడు ఎక్కించిన వీడియోకు యూట్యూబ్ ముందు తక్కువ నాణ్యత కాపీ ఇస్తుంది, పెద్ద సైజులు తర్వాత తయారవుతాయి. అరగంట ఆగి, సెట్టింగుల్లో చేత్తో 4కే ఎంచుకుని చూడాలి. తెర అంత పెద్దది కాకపోయినా సరే, ఆ కాపీకి డేటా ఎక్కువ ఇస్తారు కాబట్టి చీకటి సీన్లు మెట్లు మెట్లుగా విడిపోవు. వాన, నిప్పురవ్వలు, దుమ్ము ఉన్న షాట్లలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. టీవీలో చూసేవాళ్లు మోషన్ స్మూదింగ్ తీసేయాలి. అది లేని బొమ్మల్ని తనే ఊహించి మధ్యలో దూర్చుతుంది. 12 బొమ్మలతో కావాలని గరుకుగా ఉంచిన కదలిక సబ్బునీళ్లలో జారినట్టవుతుంది. 2018 స్పైడర్‌మ్యాన్ బొమ్మల సినిమాలో కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడిని చాలాచోట్ల 12తో నడిపించారు, తడబాటు కనబడాలని. అది స్మూత్ చేస్తే కుర్రాడు మొదటి రోజే ఆరితేరిపోతాడు.

కంప్యూటర్ మీద ట్రైలర్‌ను ఆపి, ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక బొమ్మ ముందుకు, కామా నొక్కితే ఒక బొమ్మ వెనక్కి జరుగుతుంది. అధికారిక ఛానెల్‌లోని కాపీతోనే ఈ లెక్క చేయాలి. వేరేవాళ్లు దించి మళ్లీ ఎక్కించినవి తరచుగా సెకనుకు 30 అయి ఉంటాయి. నాలుగు బొమ్మలకొకసారి ఒక నకలు చేరి ఐదవుతాయి, ఏది గీసింది, ఏది నకలు అన్నది తెలియదు. 2025 జూలై 25న విడుదలైన మహావతార్ నరసింహ సినిమా ట్రైలర్‌లో స్తంభం బద్దలయ్యే తరహా షాట్లు ఇలా ఒక్కొక్క బొమ్మగా చూడదగ్గవి. ముక్కలు ఎగరడం కంటే ముందు వచ్చే నిశ్శబ్దాన్ని ఎన్ని బొమ్మలు పట్టి ఉంచారో లెక్కపెట్టండి. అదే ఏడాది సెప్టెంబరు 12న తెలుగులోనూ విడుదలైన డీమన్ స్లేయర్ సినిమా ట్రైలర్ లాంటి జపాన్ వాటిలో ఇంకో సరదా ఉంది. పాత్ర ముఖం మీద కన్నుంచి ఫుల్‌స్టాప్ నొక్కుతూ పొండి. రెండు మూడు నొక్కుళ్ల దాకా ముఖం కదలదు. వెనక కంప్యూటర్‌తో గీసిన కోట గోడలు మాత్రం ప్రతి నొక్కుకూ జరుగుతూనే ఉంటాయి. కత్తి దూసిన క్షణం వచ్చేసరికి ముఖమూ గోడా రెండూ ఒక్కో నొక్కుకు ఒక్కోసారి కదలడం మొదలుపెడతాయి.